పంటి బిగువున దాచుకునే బాధ

ఇంట్లో ఆవు చనిపోతే ఊళ్లో పదిమంది వచ్చి పలకరించి వెళ్తారు. కుక్క చనిపోతే పక్కింటివాళ్లు కనీసం "అయ్యో పాపం, ఎన్నేళ్లు పెంచారండీ" అంటారు. అదే ఏ కుందేలో, గినీ పిగ్గో, రెండు చేతుల్లో ఇమిడిపోయే చిన్న ప్రాణి ఏదో పోయిందనుకోండి, వినపడే మాట ఒక్కటే: "దానికంత ఏడుపెందుకు? ఇంకోటి కొనుక్కుంటే సరి."

ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఓదార్చడానికే అంటారు. కానీ అది తగిలేది ఎవరికో ఒక్కసారి ఆలోచించండి. రోజూ పొద్దున్నే గూడు శుభ్రం చేసి, నీళ్లు మార్చి, తిండి పెట్టిన మనిషికి. చాలా ఇళ్లల్లో ఆ మనిషి ఇల్లాలే. పిల్లలు ముచ్చటపడి అడుగుతారు, నాన్న కొనిస్తాడు, నెల తిరిగేసరికి చాకిరీ అమ్మ చేతికొస్తుంది. చాకిరీతో పాటే ప్రేమా పుడుతుంది. ఆ ప్రాణి పోయినప్పుడు ఏడవడానికి మాత్రం ఆమెకు తీరికా ఉండదు, అనుమతీ ఉండదు. ఒకపక్క పొయ్యి మీద కూర కలుపుకుంటూనే ఇంకోపక్క కొంగుతో కళ్లు తుడుచుకోవాలి.

ఆ ఏడుపుకి విలువుందని నేనంటాను. అంతకంటే ముఖ్యంగా, ఆ ఏడుపు రాకముందే మనం తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇలాంటి చిన్న ప్రాణులు చాలావాటిని మన కళ్లముందే, మనకి తెలీకుండానే తీసుకుపోయేది పళ్ల జబ్బు. దీని గురించి చెప్పాలంటే ముందు చించిల్లా గురించి చెప్పాలి. మన ఊళ్లల్లో కనిపించని జంతువు గోల మనకెందుకు అనకండి. దాని పళ్ల కథే మన ఇళ్లల్లో ఉండే కుందేలు కథ కూడా.

ఎక్కడి జంతువు?

చించిల్లా ఉడతకి పెద్దన్నలా ఉంటుంది. గుండ్రటి చెవులు, పొడుగాటి మీసాలు, కుచ్చు తోక. పెరిగినది 400 నుంచి 600 గ్రాముల దాకా తూగుతుంది. సొంత ఊరు దక్షిణ అమెరికాలో చిలీ వైపున్న ఆండీస్ కొండలు. అక్కడి చలికి తట్టుకునేందుకు ప్రకృతి దానికిచ్చిన బొచ్చే దాని ప్రాణం మీదికి తెచ్చింది. మన తలలో ఒక్కో కుదురు నుంచి మామూలుగా ఒకటి రెండు వెంట్రుకలు వస్తే, చించిల్లాకి ఒక్కో కుదురు నుంచి 60 దాకా వస్తాయి. అంత మెత్తటి బొచ్చు చూశాక మనుషులు ఊరుకుంటారా? ఒక్క కోటుకి వందకు పైగా జంతువుల్ని చంపారు. చివరికి 1910లో చిలీ, బొలీవియా, పెరూ, అర్జెంటీనా దేశాలు కలిసి ఒప్పందం చేసుకుని వేట ఆపాలని చూశాయి. అప్పటికే కొండలు ఖాళీ అయ్యాయి. ఇప్పటికీ అడవి చించిల్లాలు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనే ఉన్నాయి.

1923లో చాప్‌మన్ అనే అమెరికన్ గని ఇంజనీరు 11 చించిల్లాల్ని కాలిఫోర్నియా తీసుకెళ్లాడు. బొచ్చు వ్యాపారం కోసమే. అమెరికాలో పెంపకం ఆ గుప్పెడు జంతువుల సంతతితోనే ఊపందుకుంది. బొచ్చు కోసం పెంచినవి కాలక్రమంలో పిల్లల చేతుల్లో ముద్దుబిడ్డలయ్యాయి. ఇప్పుడు అమెరికాలో, బ్రిటన్‌లో చాలా ఇళ్లల్లో వీటిని పెంచుతున్నారు. అక్కడుండే మన తెలుగువాళ్ల ఇళ్లల్లోకి కూడా పిల్లల పట్టుదల వల్ల వచ్చి చేరుతున్నాయి.

మా పిన్ని కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్లింట్లోనూ ఒకటుండేది. పాప ఆరో పుట్టినరోజుకి తెచ్చారు. పేరు బుజ్జి. పగలంతా నిద్రపోయేది, మా చెల్లెలు రాత్రి గిన్నెలు తోముకునే వేళకి లేచి గంతులు మొదలుపెట్టేది. ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి నీళ్లు పనికిరావు దానికి, సన్నటి ధూళిలో పొర్లాలి. "స్నానం చేసి లేస్తే వంటింటినిండా పిండి జల్లినట్టుంటుంది అక్కా" అని విసుక్కుంటూనే మురిసిపోయేది. అలా ఏడేళ్లు పెంచారు. ఇవి సరిగా చూసుకుంటే పదేళ్లు తేలిగ్గా, కొన్ని ఇరవై ఏళ్ల దాకా కూడా బతుకుతాయి. అంటే బుజ్జిది పోవాల్సిన వయసు కాదు. పోయింది పళ్లవల్ల.

పెరుగుతూనే ఉండే పళ్లు

మన పళ్లు ఒకసారి వచ్చాక పెరగవు. చించిల్లాకి మొత్తం 20 పళ్లుంటాయి. ముందు నాలుగు, లోపల నమిలే దవడపళ్లు పదహారు. ఈ ఇరవయ్యీ మన గోళ్లలాగా జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్లయితే ఏడాదికి రెండు మూడు అంగుళాలు పెరుగుతాయి. మరి నోరు పట్టేదెలా? అరగడం వల్ల. ఆండీస్ కొండల్లో దొరికే గరుకు గడ్డీ, ముళ్లపొదల ఆకులూ గంటల తరబడి నమిలితే పెరిగినదంతా అరిగిపోయేది.

మన అమ్మమ్మల కాలంలో తిరగలి రాళ్లు అరిగిపోతే గంట్లు కొట్టించుకునేవాళ్లు. అరగడం అక్కడ సమస్య. ఈ జంతువుకి కష్టం సరిగ్గా తలకిందులు. రాయి అరక్కపోతేనే ముప్పు. గడ్డికి బదులు మెత్తటి గుళికలూ, గింజలూ, ఎండుద్రాక్షలూ పెట్టామనుకోండి, రెండు నిమిషాల్లో కడుపు నిండిపోతుంది. పళ్లకి పని ఉండదు. పని లేకపోతే పెరిగినది పెరిగినట్టే ఉంటుంది. పైపళ్లూ కిందిపళ్లూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అంచులు సూదుల్లా మొలిచి నాలుకనీ, బుగ్గ లోపలి కండనీ గీరుతుంటాయి. పైకి పెరిగే చోటు లేక వేళ్లు వెనక్కి, ఎముకలోకి దిగుతాయి. కుండీ చిన్నదైతే మొక్క వేళ్లు అడుగునుంచి పొడుచుకొస్తాయి చూడండి, అలా. కిందిదవడలో అయితే చేతికి బుడిపెల్లా తగుల్తాయి. పైదవడలో అయితే కంటిగూటి దాకా చేరి, కన్నీటి దారిని నొక్కేస్తాయి. కన్ను ఊరికే కారుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు చలువ చేసిందనో, దుమ్ము పడిందనో అనుకుంటారు.

ఇంకో తిరకాసుంది. మనకి కనిపించేది ముందుపళ్లే. అవి నారింజ, పసుపు కలిసిన రంగులో ఉంటే అది ఆరోగ్యమే, మురికి కాదు. అవి బాగున్నాయని మనం ధైర్యంగా ఉంటాం. జబ్బేమో వెనక, నోరు పెద్దగా తెరుచుకోని చోట, దవడపళ్లల్లో ఉంటుంది. డాక్టరైనా మామూలుగా చూసి పూర్తిగా చెప్పలేరు. మత్తిచ్చి నోరు తెరిచి చూడాలి, తలకి ఎక్స్‌రే తియ్యాలి. బ్రిటన్‌లో డేవిడ్ క్రాస్లీ అనే పశువైద్యుడు 2001లో ప్రచురించిన పరిశీలనలో, ఆరోగ్యంగా ఉన్నాయనుకున్న చించిల్లాల్లోనే మూడోవంతుకు పైగా వాటికి పళ్ల తేడాలు కనిపించాయి. పెంచేవాళ్లకి అనుమానం కూడా లేదు.

ఎందుకుండదంటే, ఈ ప్రాణులు నొప్పిని చెప్పవు. అడవిలో నక్కా, గద్దా కాచుకుని ఉంటాయి. నీరసంగా కనిపించిందంటే దాని పని అయిపోయినట్టే. అందుకని చివరి ఓపిక దాకా ఏమీ కానట్టే తిరుగుతుంది, గెంతుతుంది, మన దగ్గరికొస్తుంది. పంటి బిగువున భరించడమంటే ఇదే. ఆడవాళ్లకి ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు. జ్వరంతోనే వంట చేసి, అందరూ తిన్నాక "నాకు ఆకలిగా లేదు" అనే ఇల్లాలిని ఏ ఇంట్లో చూడలేదు మనం? "నాకు ఆకలిగా లేదు" అన్నమాట మనిషి అన్నా జంతువు అన్నా, ఆ మాట దగ్గరే ఆగి చూడాలి.

పాల లెక్క పక్కన ఇంకో లెక్క

బుజ్జి విషయంలో జరిగింది అదే. మొదట గడ్డి తగ్గించింది, గుళికలు మాత్రం తినేది. బాగానే తింటోంది కదా అనుకున్నారు. తరవాత ఎండుద్రాక్ష చేతిలోంచి ఆత్రంగా అందుకుని, రెండుసార్లు నమిలి, కింద పడేసేది. "గారం ఎక్కువైంది దీనికి" అని నవ్వుకున్నారు. గడ్డం కింద బొచ్చు తడిగా, ముద్దగా కనిపించిన రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. త్రాసులో పెడితే 430 గ్రాములు. ఏడాది కింద అదే త్రాసులో 560. అంత బొచ్చు కింద నాలుగో వంతు ఒళ్లు కరిగిపోయినా ఎవరికీ తెలీలేదు.

అందుకే చెప్తున్నాను. ఇలాంటి ప్రాణి ఇంట్లో ఉంటే వారానికోసారి తూచండి. వంటింట్లో పిండి తూచుకునే చిన్న త్రాసు చాలు. ఆ అంకె గోడమీద క్యాలెండర్‌లో, పాల లెక్క రాసుకునే చోటే రాసుకోండి. కన్ను మోసపోతుంది, బొచ్చు మోసం చేస్తుంది, అంకె మోసం చెయ్యదు. వరసగా రెండు మూడు వారాలు తగ్గుతూ వస్తుంటే, బయటికి ఎంత హుషారుగా ఉన్నా డాక్టరుకి చూపించాల్సిందే.

మిగతా గుర్తులు కూడా విడమర్చి చెప్తాను. గట్టిది మానేసి మెత్తటిదే తినడం. తిండి నోట్లో పెట్టుకుని జారవిడవడం. గడ్డం, ఛాతీ, ముందుకాళ్లు చొంగతో తడవడం. కంట్లో నీళ్లు. ముందుకాలితో మూతి రుద్దుకోవడం. పెంటికలు చిన్నవవడం, తగ్గిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "చూద్దాంలే" అనకండి. అసలు తిండే ముట్టకపోతే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగకూడదు. ఈ జంతువుల పేగు ఎప్పుడూ కదుల్తూ ఉండాలి. 12 గంటలు ఏమీ తినకుండా ఉంటేనే ప్రమాదం మొదలైనట్టు.

కుందేలుకి క్యారెట్ అనే భ్రమ

ఇప్పుడు మన ఊళ్ల సంగతికొద్దాం. ముందు ఒకమాట. ఫోన్‌లో వీడియోలు చూసి చించిల్లాని ఇక్కడ పెంచుకోవాలని ఎవరికైనా మనసైతే, దయచేసి ఆ ఆలోచన మానుకోండి. 25 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది, ఇంకా పెరిగితే వడదెబ్బతో ప్రాణమే పోతుంది. రెంటచింతల ఎండలో, రామగుండం ఎండలో మనుషులమే అల్లాడిపోతాం. మధ్యాహ్నం కరెంటు పోతే, ఏసీ ఆగితే, దాని గతేమిటి? కొనగలిగిన ప్రతిదీ పెంచగలిగినది కాదు.

కానీ కుందేళ్లూ, గినీ పిగ్‌లూ మన పట్నాల్లో చాలా ఇళ్లల్లో ఉన్నాయి. కుందేలుకి 28 పళ్లు, గినీ పిగ్‌కి చించిల్లాలాగే 20. వీటన్నిటికీ కూడా పళ్లు జీవితాంతం పెరిగేవే. మనమేం పెడుతున్నాం? బొమ్మల పుస్తకాల్లో కుందేలు చేతిలో ఎప్పుడూ క్యారెట్ ఉంటుంది కాబట్టి క్యారెట్ పెడతాం. అందులో తీపి ఎక్కువ, పీచు తక్కువ. పిల్లలు బిస్కెట్లు పెడతారు, చపాతీ ముక్క పెడతారు, ముద్దు ఎక్కువై అన్నం కూడా పెడతారు. ఇవన్నీ ప్రేమతోనే పెడతాం. ఆ ప్రేమ పళ్లని అరగదియ్యదు.

వాటికి కావాల్సింది గడ్డి. తినేదాంట్లో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి, ఎండుగడ్డయినా పచ్చిగడ్డయినా, రోజంతా అందుబాటులో ఉండాలి. వినాయకుడి పూజకి ఏరుకొచ్చే గరికుంది చూడండి, అది కుందేలుకి మంచి తిండి. మందులు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట కోసుకుని కడిగి పెట్టండి. ఆకుకూరలు కొంచెం. క్యారెట్ ముక్క ఎప్పుడైనా ఒకటి, పిల్లాడికి చాక్లెట్ ఇచ్చినట్టు. గినీ పిగ్‌కి ఇంకో అవసరముంది. మనకిలాగే దాని ఒంట్లో సి విటమిన్ తయారవదు. రోజూ తిండిలోనే అందాలి.

తెచ్చుకునే ముందే ఇంకో పని చెయ్యండి. మీ ఊళ్లో కుందేళ్ల నోరు పరీక్ష చెయ్యడం తెలిసిన పశువైద్యులు ఎవరున్నారో కనుక్కోండి. ఆవుల్నీ, గేదెల్నీ, కుక్కల్నీ బాగా చూసే డాక్టర్లందరికీ వీటి పళ్లతో అలవాటు ఉండాలని లేదు. అది వాళ్ల తప్పు కాదు, ఇది వేరే విద్య. జబ్బు చేశాక రాత్రి పదింటికి వెతుక్కోవడం కంటే, కొనేముందు ఒక మధ్యాహ్నం నాలుగు ఫోన్లు చెయ్యడం మేలు. దుకాణంలో ధర అడుగుతాం, గూడు ధర అడుగుతాం. డాక్టరు సంగతి అడగం.

"నువ్వు చూసుకోలేదా?"

ఎక్స్‌రేలో బుజ్జి దవడపళ్ల వేళ్లు కంటిదాకా వెళ్లాయని తేలింది. పైన పెరిగినదాన్ని మత్తిచ్చి అరగదీస్తే కొన్ని వారాలు ఉపశమనం, తరవాత మళ్లీ చెయ్యాలి. లోపలికి దిగిన వేరు మాత్రం వెనక్కి రాదు. నొప్పి మందులిచ్చి, గడ్డిపొడి కలిపిన ద్రవం సిరంజితో తాగిస్తూ కొంతకాలం నడపొచ్చు. రెండు నెలలు అలా నడిపారు. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచింది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఆ రెండు నెలల్లో మా చెల్లెలు విన్న మాటలు రెండు. ఇక్కణ్నుంచి పిన్ని ఫోన్‌లో, "ఎలక కోసం అన్నేసి డాలర్లు తగలేస్తారటే?" అంది. అక్కడ ఇంట్లో, "నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావుగా, ముందే తెలీలేదా?" అన్నారు. మొదటి మాటకి చెల్లెలు నవ్వి ఊరుకుంది. రెండో మాటకి మాత్రం ఆ రాత్రంతా నిద్రపోలేదని నాకు చెప్పింది.

ఆ రెండో మాట మన ఇళ్లల్లోంచి పోవాలి. తెలుసుకోవాల్సినవాటిని తెలుసుకోమని ఇంతసేపు చెప్పిన దాన్నే ఇదీ చెప్తున్నాను. గడ్డి తక్కువైతే ఈ జబ్బొస్తుందన్నది నిజం. కానీ పుట్టుకతో వచ్చే దవడ తీరు కూడా ఇందులో పాత్ర వహిస్తుందని వైద్యులు అనుమానిస్తారు. గడ్డే పెట్టినా జబ్బు పడ్డవి ఉన్నాయి. పెంచినవాళ్లు ఆరోగ్యంగా ఉందనుకున్న వాటిలోనే మూడోవంతుకి తేడా బయటపడిందంటే, చూస్తూ కూడా పసిగట్టలేని జబ్బు ఇది. అసలు చూసే మనిషి ఇంట్లో ఒక్కతే ఎందుకుండాలి? నలుగురున్న ఇంట్లో మిగతా ముగ్గురి కళ్లు ఏమయ్యాయి? సేవ ఒకరిదీ, నింద కూడా ఆ ఒకరిదేనా? పిల్లాడికి మార్కులు తగ్గినా, పెద్దాయనకి షుగర్ పెరిగినా "నువ్వు చూసుకోలేదా" అనే ప్రశ్న ఆమెకే వస్తుంది. ఆ అలవాటే కుందేలు గూటి దాకా వచ్చింది.

ఖర్చు సంగతి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. ఎంతవరకు పెట్టగలమో ఇంట్లోవాళ్లంతా కూర్చుని అనుకోండి. పెట్టలేకపోతే అది పాపం కాదు. పెట్టగలిగినవాళ్లు పెట్టుకుంటే అది పిచ్చీ కాదు. దుకాణంలో కొన్న ధరతో ప్రాణం విలువ కట్టడం మాత్రం మానేద్దాం. రూపాయి పెట్టకుండా వీధిలోంచి తెచ్చుకున్న పిల్లికూన జబ్బు పడితే, ఊరికే వచ్చింది కదా అని వదిలేస్తామా?

చివరి నిర్ణయం

నొప్పి తగ్గించే దారులు మూసుకుపోయాక ఒక ప్రశ్న ఎదురవుతుంది. ప్రశాంతంగా పంపించే ఇంజెక్షన్ ఇప్పించాలా, దానంతట అది పోయేదాకా ఉంచాలా? "ప్రాణం తియ్యడానికి మనమెవరం" అనే మాట మన పెద్దల్లో బలంగా ఉంది. ఆ మాట మీద నాకు గౌరవముంది. కానీ తినలేని జంతువు ఆకలితో, నోట్లో పుండ్లతో రోజుల తరబడి పోవడాన్ని సహజ మరణమని సరిపెట్టుకోవడం నాకు సాధ్యం కాదు. అడవిలో అయితే ఏ గద్దో ఒక్క క్షణంలో ముగించేది. మన గూట్లో పెట్టుకుని ఆ బాధని సాగదీసింది మనం. కాబట్టి దాన్ని ముగించే బాధ్యత కూడా మనదే.

డాక్టర్ని సూటిగా అడగండి. "నొప్పి మందుతో నొప్పి నిజంగా తగ్గుతోందా? ఇది తనంతట తాను మళ్లీ తినే అవకాశముందా? మీ ఇంట్లోదైతే మీరేం చేస్తారు?" ఈ మూడింటికి జవాబులు విన్నాక తీసుకున్న నిర్ణయం ఏదైనా, దానికి తరవాత మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి. ఆ సమయంలో పక్కన ఉండగలిగితే ఉండండి. ఉండలేకపోతే గది బయట కూర్చోండి. రెండూ ప్రేమే.

ఏడవనివ్వండి

ఈ దుఃఖం గురించి చదువుకున్నవాళ్లు కూడా ఆలోచించారు. లోకం గుర్తించని, పరామర్శకి నోచుకోని దుఃఖానికి కెనెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో తన పుస్తకంలో ఒక ప్రత్యేకమైన పేరే పెట్టాడు. అదే 1989లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్య కళాశాల, పెంపుడు జంతువు పోయినవాళ్ల గోడు వినడానికి టెలిఫోన్ సేవ మొదలుపెట్టింది. బ్రిటన్‌లో బ్లూ క్రాస్ సంస్థ 1994లో అలాంటిదే ప్రారంభించింది. పశువైద్యులే ఈ ఏడుపుని పట్టించుకుని మనుషుల్ని కూర్చోబెట్టి వింటున్నారంటే, అది పనిలేనివాళ్ల ఏడుపు కాదన్నమాటేగా.

పిల్లల దగ్గర మనం చేసే పని ఇంకొకటి. "ఊరెళ్లింది", "పారిపోయింది", "నిద్రపోయింది" అని చెప్తాం. వాళ్ల మనసు నొచ్చుకోకూడదనే. కానీ పారిపోయిందంటే నన్నొదిలేసి ఎందుకెళ్లిందని కుమిలిపోతారు. నిద్రపోయిందంటే చిన్నపిల్లలు నిద్రకే భయపడతారు. "జబ్బు చేసింది, డాక్టరుగారు ప్రయత్నం చేశారు, చచ్చిపోయింది, ఇక రాదు" అని మెల్లగా, నిజం చెప్పండి. చాలామంది పిల్లలు చావు గురించి మొదటిసారి తెలుసుకునేది ఇలాంటి చిన్న ప్రాణి దగ్గరే. ఆ పాఠం అబద్ధంతో మొదలవకూడదు.

మా చెల్లెలి కూతురికి ఇప్పుడు పదమూడేళ్లు. బుజ్జి పోయిన రాత్రి అది ఒకే ప్రశ్న అడిగిందట. "అమ్మా, దానికి ఎప్పట్నుంచి నొప్పి పుడుతోంది?" మా చెల్లెలు జవాబు కల్పించలేదు. "తెలీదమ్మా. అది మనకి చెప్పలేదు. తెలిసిన రోజు నుంచి మాత్రం మనం దాన్ని ఒంటరిగా వదల్లేదు" అంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. నాకు ఫోన్ చేసి "నేను దాని ముందు ఏడవకుండా ఉండాల్సింది కదా అక్కా" అంది. ఎందుకుండాలి? అమ్మ ఏడవడం చూసిన పిల్లకి, ఏడవడం తప్పు కాదని తెలుస్తుంది. మర్నాడు ఆ పిల్ల తనే గూడు కడిగిందట, మొదటిసారి ఎవరూ చెప్పకుండా.

వెంటనే ఇంకోటి తెచ్చివ్వకండి. ఇల్లు బోసిగా ఉండాల్సిన రోజులు కొన్నుంటాయి, ఉండనివ్వండి. ఫొటో ఒకటి పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి. పెరట్లో చోటుంటే ఒక మొక్క నాటండి. జంటలో ఒకటి పోయి రెండోది మిగిలితే, దాన్ని రోజూ తూచండి. అది కూడా తిండి మానేసే ప్రమాదముంది. మగవాళ్లని కూడా గమనించండి. "నాకేం బాధ లేదు" అంటూ ఖాళీ గూడు ముందు నిలబడే నాన్నలు చాలామంది ఉన్నారు. వాళ్లకీ ఒక మాట కావాలి.

ఇక చుట్టుపక్కల ఉండే మనందరం చెయ్యగలిగింది చాలా చిన్న పని. ఈసారి మీకు తెలిసినవాళ్లింట్లో కుందేలో, గినీ పిగ్గో, చిలకో పోయిందని తెలిస్తే, "ఇంకోటి కొనుక్కోండి" అనే మాట నోటిదాకా వచ్చినా ఆపుకోండి. దాని పేరేమిటని అడగండి. ఏం చేసేదని అడగండి. అడిగి, ఆమె చెప్పేదాకా ఓ పది నిమిషాలు కూర్చోండి. పొయ్యి మీద కూరుంటే మీరు లేచి కలపండి.